వాచీ చూపించే క్యాలరీలకు ఎంత తరుగు తీయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ వయసు 34, బరువు 82 కేజీలు, ఎత్తు 173 సెంటీమీటర్లు. ఒంగోలు నుంచి వచ్చి ఎనిమిదేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నారు. వారానికి మూడు సాయంత్రాలు గంటసేపు డబుల్స్ బ్యాడ్మింటన్, మిగతా రోజుల్లో పొద్దున నడక, ఆదివారం కొంచెం పరుగు. మొన్న ఒకే కోర్టులో, ఒకే గంటలో మీ పార్ట్‌నర్ వాచీ 720 క్యాలరీలు చూపించింది, మీ బావమరిది బ్యాండ్ 380 చూపించింది. ఇద్దరిదీ ఇంచుమించు మీ బరువే. "ఏది కరెక్ట్? పదిహేను వేల లోపు ఏది కొంటే కరెక్ట్ అంకె వస్తుంది? ఎంత కరిగిందో తెలిస్తే అంతమేరకు తినొచ్చు కదా?" అని అడిగారు.

సమాధానం ముందే చెప్పేస్తాను. ఆ రెండింటిలో 380 నిజానికి దగ్గర. అలాగని ఆ బ్యాండ్ మంచిదని అర్థం కాదు, ఎందుకో కింద చెప్తాను. రెండూ కొలిచిన అంకెలు కావు, అంచనా కట్టినవి. క్యాలరీలు నిజంగా కొలవాలంటే ముక్కూ నోరూ మూసుకునేలా మాస్కు పెట్టి, మీరు లోపలికి తీసుకున్న ఆక్సిజన్‌నీ, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నీ లెక్కించాలి. స్పోర్ట్స్ ల్యాబుల్లో చేసేది అదే. చేతికి కట్టుకునే వస్తువు దగ్గర ఉన్న సరుకు చాలా తక్కువ: హార్ట్‌రేట్, చెయ్యి ఊగిన ఊపు, జీపీఎస్ ఉంటే దూరం, యాప్‌లో మీరు టైపు చేసిన వయసు, ఎత్తు, బరువు. లక్ష రూపాయల వాచీ అయినా వంట ఈ సరుకుతోనే.

నేను ఆరేళ్ళు ఇక్కడే బెంగళూరులో ఇలాంటి బ్యాండ్లు తయారుచేసే ఒక కంపెనీలో, సెన్సర్ నుంచి వచ్చే సిగ్నల్‌ని శుభ్రం చేసే టీమ్‌లో పనిచేశాను. కంపెనీ పేరు అనవసరం. చేరిన మొదటి వారంలో మా సీనియర్ ఒకాయన క్యాంటీన్ నుంచి అరటిపండు తెచ్చి, దానికి బ్యాండ్ బిగించి నా బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చ లైటు మిణుకుమిణుకుమంది, పది సెకన్లు ఆలోచించింది, 78 అని చూపించింది. అరటిపండుకి హార్ట్‌రేట్ 78! అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ రోజే ఆ పని మీద ఇష్టమూ, ఆ అంకెల మీద అనుమానమూ రెండూ పుట్టాయి.

అది ఎలా జరిగిందో తెలిస్తే మీరు కొనేటప్పుడు మోసపోరు. వాచీ వెనక ఉన్న ఆకుపచ్చ లైటు చర్మంలోకి వెళ్తుంది. రక్తం ఆ రంగుని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా మణికట్టులో రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది కాబట్టి వెనక్కి తిరిగొచ్చే వెలుగు కూడా తగ్గి పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెట్టి నిమిషానికి ఇన్ని అని చెప్తుంది. వెలుగు దేనివల్ల మారినా దానికి ఒకటే. పట్టీ వదులుగా ఉండి లోపలికి బయటి లైటు పడ్డా, పరుగులో చెయ్యి ఊగి వాచీ కదిలినా అదీ ఒక హెచ్చుతగ్గే. పరుగులో ఒక తమాషా జరుగుతుంది. మనం నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తాం. గుండె 140 కొడుతుంటే కొన్ని వాచీలు గుండెని వదిలేసి అడుగుల్ని పట్టుకుంటాయి. కబ్బన్ పార్కులో హాయిగా కబుర్లు చెప్పుకుంటూ పరుగెత్తుతున్న రోజు నా వాచీ పావుగంటసేపు 172 అని చూపించింది. అదే నిజమైతే నాకు కబుర్లు కాదు, ఊపిరి కూడా ఆడకూడదు. చర్మం రంగు ముదురుగా ఉన్నా, మణికట్టు మీద పచ్చబొట్టు ఉన్నా సిగ్నల్ ఇంకా బలహీనపడుతుంది.

ఇది హార్ట్‌రేట్ కథ. అది దొరికాక క్యాలరీలుగా మార్చడం ఇంకో కథ. మీ 720, 380 తేడా పుట్టేది అక్కడే.

మార్చడానికి స్థూలంగా రెండు దారులు. మొదటిది పట్టిక దారి. ఏ పనికి ఎంత శక్తి ఖర్చవుతుందో చెప్పే పెద్ద జాబితా ఒకటి 1993లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు, 2011లో, 2024లో కొత్త చేర్పులు చేశారు. దాని కొలమానం పేరు మెట్. ఊరికే కూర్చుంటే ఒక మెట్, అంటే కేజీ బరువుకి గంటకి సుమారు ఒక క్యాలరీ. సరదాగా ఆడే బ్యాడ్మింటన్‌కి 5.5 మెట్‌లు, పోటీ ఆటకి 7. మీ బరువుకి గంట సరదా ఆట అంటే 82 ఇంటూ 5.5, అంటే 451 క్యాలరీలు. కానీ ఆ గంట మీరు సోఫాలో పడుకున్నా ఒంట్లో కొంత ఖర్చవుతుంది. విశ్రాంతిలో అయ్యే ఖర్చుని లెక్కగట్టే 1990 నాటి మిఫ్లిన్ సమీకరణం ప్రకారం మీ వయసు, ఎత్తు, బరువులకి అది రోజుకి 1736, గంటకి 72. 451లోంచి ఆ 72 తీసేస్తే 379. మీ బావమరిది బ్యాండ్‌లోని 380 ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇక్కడే అనుమానం. ఆ బ్యాండ్ ఆయన గుండెని పెద్దగా పట్టించుకోకుండా, "బ్యాడ్మింటన్, గంట, ఇంత బరువు" అని పట్టిక చూసి చెప్పి ఉండొచ్చు. ఆయన కోర్టు పక్కన బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగినా అది 380 దగ్గరే ఉండేది. అందుకే దగ్గరగా వచ్చినంత మాత్రాన మంచి బ్యాండ్ అనలేను.

రెండోది గుండె దారి. 2005లో దక్షిణాఫ్రికా పరిశోధకులు వ్యాయామం అలవాటున్న 115 మందిని ట్రెడ్‌మిల్, సైకిల్ మీద పరీక్షించి ఒక సూత్రం ఇచ్చారు. మగవాళ్ళకైతే హార్ట్‌రేట్‌ని 0.6309తో, బరువుని 0.1988తో, వయసుని 0.2017తో గుణించి కూడాలి, అందులోంచి 55.0969 తీసేయాలి, వచ్చినదాన్ని 4.184తో భాగిస్తే నిమిషానికి క్యాలరీలు. ఆటలో సగటు హార్ట్‌రేట్ 130 అనుకుని మీ వయసూ బరువూ వేయండి. నిమిషానికి 11.97, గంటకి 718. ఇదిగో మీ పార్ట్‌నర్ 720! ఏ కంపెనీ తన లోపలి సూత్రం బయటపెట్టదు కాబట్టి కచ్చితంగా ఇదే వాడారని అనను. దారి మాత్రం ఇదే.

ఈ సూత్రం తప్పు కాదు. ఆగకుండా ఒకే తీరున పరుగెత్తేవాళ్ళకీ, సైకిల్ తొక్కేవాళ్ళకీ బాగానే పనికొస్తుంది. డబుల్స్ అలా ఉండదు కదా. ఎనిమిది సెకన్ల ర్యాలీ, తర్వాత షటిల్ ఏరుకోవడం, స్కోరు మీద గొడవ, సర్వీస్. ర్యాలీలో ఎగబాకిన గుండె ఆ విరామంలో వెంటనే దిగదు, కండరాలు మాత్రం పని ఆపేస్తాయి. అంటే గుండె 130లో ఉన్న సమయంలో సగం మీరు నిలబడే ఉన్నారు. గుండె ఒక్కదాన్నే చూసే వాచీకి అది పరుగులాగే కనిపిస్తుంది.

ఈ సూత్రం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. మన ఊళ్ళో ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలి దగ్గర క్యాబ్‌లో ఇరుక్కుని, తొమ్మిదిన్నర మీటింగుకి లేటవుతోందనే టెన్షన్‌తో మీ గుండె 95 కొట్టుకుంటోంది అనుకుందాం. అంకెలు వేస్తే గంటకి 401 క్యాలరీలు వస్తాయి. సిల్క్ బోర్డులో కూర్చుంటే బరువు తగ్గేట్టయితే ఈ ఊళ్ళో లావుపాటి మనిషే ఉండడు. నిజానికి ఆ గంటలో ఖర్చయ్యేది వంద, మహా అయితే నూట పది. అందుకే మంచి వాచీలు చెయ్యి కదలకపోతే గుండె మాట వినవు, కదలికా గుండె రెండూ కలిస్తేనే లెక్కలోకి తీసుకుంటాయి. చవక వాటిలో ఆ వివేకం తక్కువ. కదలిక మాట ఎత్తితే ఇంకో అనుభవం. మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చినప్పుడు నా బ్యాండ్ పెట్టుకుని ఇరవై చపాతీలు ఒత్తింది, కుర్చీలోంచి లేవకుండానే 900 అడుగులు నడిచినట్టు చూపించింది. "నడక అయిపోయిందిరా, ఇవాళ పార్కుకి రాను" అంది.

కంపెనీ లోపలి సంగతి ఒకటి. ఒకసారి మీటింగులో కస్టమర్ల ఫిర్యాదులు చదివారు. "మీ బ్యాండ్ నా ఫ్రెండ్ బ్యాండ్ కన్నా తక్కువ క్యాలరీలు చూపిస్తోంది, డబ్బు వెనక్కివ్వండి" అని చాలామంది రాశారు. ఎక్కువ చూపిస్తోందని వెనక్కిచ్చినవాడు ఒక్కడూ లేడు. తర్వాతి అప్‌డేట్‌లో ఏ అంకెలు ఎటు జరిగాయో మీరే ఊహించుకోండి. నేను గట్టిగానే వాదించాను, లాభం లేకపోయింది. మానేయడానికి అదొక్కటే కారణం కాదు గానీ, అదీ ఒకటి.

ఇది నా ఒక్కడి మాట కాదు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్ళు 60 మందికి ఏడు రకాల మణికట్టు పరికరాలు కట్టి, పక్కన మాస్కు పెట్టి పోల్చి చూశారు. హార్ట్‌రేట్ విషయంలో ఏడింటిలో ఆరు 5 శాతం లోపు తప్పుతో బయటపడ్డాయి. క్యాలరీల్లో మాత్రం అన్నిటికన్నా మంచిది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా చెడ్డది 93 శాతం. ఆ మోడళ్ళు కొన్ని ఇప్పుడు మార్కెట్లోనే లేవు, సెన్సర్లు మెరుగుపడ్డాయి, నిజమే. కానీ 2020లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్ష కూడా క్యాలరీల విషయంలో ఏ బ్రాండూ నిలబడలేదనే తేల్చింది. హార్ట్‌రేట్ కోసం డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. క్యాలరీల అంకె కోసమే ఎక్కువ డబ్బు పెట్టడంలో నాకు అర్థం కనపడదు.

మన దేశానికి సంబంధించిన చిక్కు ఇంకోటి. విశ్రాంతిలో ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిని లెక్కగట్టే అంతర్జాతీయ సమీకరణాలు భారతీయుల విషయంలో కొంత ఎక్కువ చూపిస్తాయని మన కోరమంగల పక్కనున్న సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1990లలోనే రాశారు. వాచీ రోజంతటికీ చూపించే మొత్తంలో పెద్ద వాటా ఈ విశ్రాంతి ఖర్చుదే కాబట్టి, మనకి ఆ మొత్తం మొదట్నించీ కాస్త ఉబ్బి ఉండే అవకాశం ఎక్కువ.

మొత్తం అన్నాను కాబట్టి ఇక్కడ చాలామంది పడే గుంట చెప్పాలి. కొన్ని యాప్‌లు విశ్రాంతి ఖర్చుతో కలిపి మొత్తం చూపిస్తాయి, కొన్ని వ్యాయామం వల్ల అదనంగా ఖర్చయిందే చూపిస్తాయి. ఫిట్‌బిట్‌లో పొద్దున లేచేసరికే ఐదారు వందలు కనపడతాయి, అది రాత్రి పన్నెండు నుంచి మీరు నిద్రపోయిన ఖర్చు. ఆపిల్ వాచీలో ఎర్ర రింగు అదనపు ఖర్చుది మాత్రమే. గార్మిన్ రెస్టింగ్, యాక్టివ్ అని విడగొట్టి ఇస్తుంది. ఇద్దరు స్నేహితులు వాచీలు పక్కపక్కన పెట్టి పోల్చుకునేటప్పుడు సగం గొడవలు దీనివల్లే. మీ పార్ట్‌నర్‌ని ఒకసారి ఆ 720 ఏ వరుసలో ఉందో చూడమనండి.

ఇక వాతావరణం. మా చెల్లెలు చెన్నైలో వేళచ్చేరిలో ఉంటుంది. వెళ్ళినప్పుడల్లా బీసెంట్ నగర్ బీచ్ రోడ్డు మీద పరుగెత్తుతాను. ఇక్కడి వేగమే, ఇక్కడి దూరమే, కానీ పొద్దున ఐదున్నరకే హార్ట్‌రేట్ పది పన్నెండు ఎక్కువ. ఉక్కపోతలో ఒళ్ళు చల్లబడటానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, దాంతో గుండె ఎక్కువసార్లు కొట్టాల్సి వస్తుంది. కండరాలు చేసిన పని మారలేదు. వాచీ మాత్రం చెన్నైలో నాకు ఐదారు వందలు కరిగాయని చంకలు గుద్దుకుంటుంది, బెంగళూరులో అదే పరుగుకి నాలుగొందల పైచిలుకు చూపిస్తుంది. దీనికి ఎదురుదిశలో కూడా పొరపాటు జరుగుతుంది. బీపీకి కొందరు వాడే బీటా బ్లాకర్ మాత్రలు హార్ట్‌రేట్‌ని పైకి పోనివ్వవు. అవి వాడేవాళ్ళకి వాచీ తక్కువ చూపిస్తుంది. మీకు ఆ మాత్రలు ఉంటే పైన చెప్పిన గుండె లెక్కలు పక్కన పెట్టండి.

కొనడం దగ్గరికి వద్దాం. ఏ బ్రాండ్ అనే ముందు, మీరు చేసే వ్యాయామం ఏది అన్నది చూడాలి.

నడకకీ పరుగుకీ నిజం చెప్పాలంటే వాచీ అక్కర్లేదు. సమతల నేల మీద పరుగుకి కేజీకి, కిలోమీటరుకి సుమారు ఒక క్యాలరీ. మీరు ఐదు కిలోమీటర్లు పరుగెత్తితే 410, వేగంగా పోయినా నెమ్మదిగా పోయినా పెద్ద తేడా లేదు. గంటలో ఐదు కిలోమీటర్ల నడకకి పట్టిక లెక్క 287, అందులో విశ్రాంతి ఖర్చు పోతే రెండొందల పైన. ఫోన్‌లో దూరం చూసుకుంటే చాలు.

సైకిల్ వాళ్ళ అదృష్టమే వేరు. శనివారం తెల్లారుజామున హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి నంది కొండలకి పోయే గుంపుల్ని చూసే ఉంటారు, వాళ్ళలో కొందరి సైకిళ్ళకి పవర్ మీటర్ ఉంటుంది. అది పెడల్ మీద పడ్డ బలాన్ని నేరుగా కొలుస్తుంది. గంటసేపు 150 వాట్లు తొక్కితే 540 కిలోజౌళ్ళు. మనిషి ఒళ్ళు ఖర్చుపెట్టిన శక్తిలో పావు వంతు లోపే పెడల్‌కి చేరుతుంది, క్యాలరీకి 4.184 కిలోజౌళ్ళు. ఈ రెండూ ఒకదాన్నొకటి దాదాపు కొట్టేసుకుంటాయి కాబట్టి 540 కిలోజౌళ్ళంటే ఇంచుమించు 540 క్యాలరీలని రాసుకోవచ్చు. ల్యాబు బయట ఇంతకన్నా నమ్మదగిన అంకె లేదు. మీకు సైకిల్ లేదు కాబట్టి అసూయపడి ముందుకు వెళ్దాం.

జిమ్‌లో బరువులెత్తేవాళ్ళు క్యాలరీల అంకె చూడకపోవడమే మంచిది. డంబెల్ గట్టిగా పట్టుకుంటే మణికట్టు బిగుసుకుని సిగ్నల్ పోతుంది. సిగ్నల్ దొరికినా, బరువెత్తేటప్పుడు గుండె పెరిగేది ఆక్సిజన్ వాడకంతో సమానంగా కాదు. ఉంగరాలు కూడా అడుగుతుంటారు, బెంగళూరు కంపెనీ అల్ట్రాహ్యూమన్‌వి కూడా ఉన్నాయి కదా. నిద్రకీ విశ్రాంతి హార్ట్‌రేట్‌కీ ఉంగరం హాయిగా ఉంటుంది. ఇనుప కడ్డీ పట్టుకునేటప్పుడు వేలు నొక్కుకుంటుంది, రాకెట్ పట్టుకునే చేతికీ అంతే. మీకు వద్దు.

బ్యాడ్మింటన్‌కి నా ఓటు ఛాతీకి కట్టుకునే స్ట్రాప్‌కి. అది వెలుగుతో కాకుండా ఈసీజీలా గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది, చెయ్యి ఎంత విసిరినా దానికి సంబంధం లేదు. ఇది కొత్త సంగతేం కాదు. ఫిన్లండ్‌లో 1977లో మొదలైన పోలార్ కంపెనీ నలభై ఏళ్ళకు పైగా ఇదే పని చేస్తోంది. పోలార్ హెచ్10 ఖరీదు ఎక్కువే, కానీ ఫోన్ దూరంగా ఉన్నా ఒక సెషన్‌ని తనలోనే దాచుకుంటుంది. కోర్టు అవతలి మూల నుంచి బ్లూటూత్ తెగిపోయే ఇబ్బంది ఉండదు. సుమారు సగం ధరకి దొరికే వేరే స్ట్రాప్‌లూ ఉన్నాయి, హార్ట్‌రేట్ వరకు అవీ బాగానే పనిచేస్తాయి. ఏది కొన్నా బ్లూటూత్, యాంట్ ప్లస్ (స్పోర్ట్స్ వాచీలు వాడే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) రెండూ ఉన్నది చూసుకోండి. పెట్టుకునే ముందు లోపలి నల్ల పట్టీలని నీళ్ళతో తడపండి. పొడిగా ఉంటే మొదటి ఐదు నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి, చెమట పట్టాక దారికొస్తుంది. ఆడిన ప్రతిసారీ కుళాయి కింద కడిగి ఆరేయండి. ఆరేయకుండా కిట్ బ్యాగులో కుక్కితే నాలుగు వారాల్లో వచ్చే వాసనకి ఇంట్లో గొడవైపోతుంది, ఇదీ అనుభవమే.

ఛాతీ పట్టీ చిరాకనిపిస్తే పోలార్ వెరిటీ సెన్స్ లాంటి చేతిపట్టీలున్నాయి. అదీ వెలుగుతోనే పనిచేస్తుంది కానీ మోచేతి దగ్గరో భుజం కిందో కడతాం కాబట్టి మణికట్టు అంత ఊపు ఉండదు, కండ ఎక్కువ, ఎముక తక్కువ. మణికట్టు వాచీనే కావాలంటే రాకెట్ పట్టని చేతికి, ఎముక మీద కాకుండా రెండు వేళ్ళు పైకి, ఆట సమయంలో బాగా బిగించి పెట్టుకోండి. ఆట అయ్యాక వదులు చేయండి.

మీ బడ్జెట్‌కి నా సలహా ఇదీ. పదిహేను వేలూ ఒకే వాచీ మీద పోయకండి. బయటి స్ట్రాప్‌ని కలుపుకునే సౌకర్యం ఉన్న వాచీ అయితేనే డబ్బు పెట్టండి. గార్మిన్, ఆపిల్ వాచీలకి అది ఉంది, చవక బ్యాండ్లలో చాలావాటికి లేదు. గార్మిన్ ఫోర్‌రన్నర్‌లో కింది మోడల్ ఆఫర్‌లోనో, వాడింది నమ్మకమైనవాళ్ళ దగ్గరో దొరికితే దానికి స్ట్రాప్ జత చేయండి. గార్మిన్‌కి క్యాలరీల లెక్క ఇచ్చే ఫస్ట్‌బీట్ కూడా ఫిన్లండ్ కంపెనీయే, 2020లో గార్మిన్ దాన్ని కొనేసింది. గుండె వేగం ఒక్కటే కాకుండా రెండు కొట్టుకోవడాల మధ్య ఎడం ఎలా మారుతోందో చూసి శ్వాసని అంచనా కట్టడం వాళ్ళ పద్ధతి. ఆగి ఆగి ఆడే ఆటలకి నాకు అదే కాస్త నచ్చింది. అంత బడ్జెట్ పట్టకపోతే, స్ట్రాప్ కొని ఫోన్‌లోని యాప్‌కి కలపండి, అడుగులకి రెండు మూడు వేల బ్యాండ్ చాలు. రక్తపోటు, షుగరు కూడా చెప్తామనే చవక వాచీల జోలికి మాత్రం పోకండి.

కొన్నాక యాప్‌లో బరువు మార్చడం మరచిపోవద్దు. పెళ్ళినాటి బరువు పెట్టి పదేళ్ళుగా అలాగే వదిలేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

ఇప్పుడు అసలు మాట, మీరు తిండి గురించి అడిగింది. మాది తెనాలి దగ్గర పల్లె. వడ్లు మిల్లుకి తోలినప్పుడు తేమకని, తాలుకని బస్తాకి ఇన్ని కేజీలని తరుగు తీసేవాళ్ళు. నాన్న తగువు పడేవాడు కానీ, తరుగే వద్దని ఎప్పుడూ అనలేదు, ఎంత అన్నదే తగువు. వాచీ అంకెకీ మీ సొంత తరుగు ఒకటి ఉంటుంది, దాన్ని కనుక్కోవాలి. నాలుగు వారాలు తిన్నదంతా రాయండి. చట్నీలో నూనె కూడా రాయాలి, టేబుల్‌స్పూన్ నూనె దాదాపు 120 క్యాలరీలు, మన తిండిలో లెక్కకి దొరక్కుండా పోయే దొంగ అదే. పదార్థాల విలువలకి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన పట్టికలు వాడండి, విదేశీ యాప్‌లలో మన పప్పూ పులుసూ ఇష్టం వచ్చినట్టు ఉంటాయి. రోజూ పొద్దున కాలకృత్యాలయ్యాక బరువు చూసి, వారం సగటు రాసుకోండి. ఒక్క రోజు బరువు చూసి కంగారు పడొద్దు, రాత్రి ఆవకాయ ఎక్కువ తింటే తెల్లారి కేజీ పెరుగుతుంది, అది నీరు.

ఉదాహరణకి మీరు రాసుకున్న తిండి సగటున రోజుకి 2200, వాచీ చెప్పిన మొత్తం ఖర్చు 2900 అనుకుందాం. రోజుకి 700 లోటు, 28 రోజులకి 19600. ఒంట్లోని కేజీ కొవ్వు సుమారు 7700 క్యాలరీలు కాబట్టి రెండున్నర కేజీలు తగ్గాలి. మీరు కేజీ తగ్గారనుకోండి. అంటే అసలు లోటు 7700 బై 28, రోజుకి 275. మిగతా 425 ఎటు పోయింది? సగం వాచీ ఎక్కువ చెప్పి ఉండొచ్చు, సగం మీరు తిన్నది రాయకుండా వదిలేసి ఉండొచ్చు. ఏది ఎంతో తేల్చుకోనక్కర్లేదు. అదే వాచీ, రాసే పద్ధతీ అదే ఉన్నంత కాలం రోజుకి 425 తరుగు తీసుకుంటూ పోండి. రెండు మూడు నెలలకోసారి మళ్ళీ చూసుకోండి, బరువు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. వాచీ మారిస్తే పాత తరుగు చెల్లదు, మొదటికి రావాల్సిందే. మాటిమాటికీ వాచీలు మార్చొద్దని నేననేది ఇందుకే.

తరుగు తెలిసేదాకా ఆటకి వాచీ ఇచ్చిన అంకెని తిండిలోకి తేవద్దు. మీ పార్ట్‌నర్ 720 చూసి ఆట నుంచి నేరుగా బిర్యానీకి పోతే ఏమవుతుందో లెక్క చూడండి. కోర్టుకి ఆరుగురు వచ్చి వంతులవారీగా ఆడితే మీరు నిజంగా ఆడేది నలభై నిమిషాలే. పట్టిక ప్రకారం ఆటకి 300, కూర్చున్నదానికి పాతిక ముప్పై. 720 కరిగాయనుకుని తింటే నాలుగొందలు అప్పులో పడ్డట్టే, వారానికి మూడుసార్లు. ఆకలేస్తే తినండి, వాచీ చెప్పిందని మాత్రం తినకండి.

కొత్తది ఇంటికొచ్చాక పెట్టె పారేయకండి, వెనక్కిచ్చే గడువులోపు మూడు పనులు చేయండి. గేమ్ అవగానే మెడ పక్కన వేళ్ళు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, వాచీకీ దానికీ ఐదారు కన్నా ఎక్కువ తేడా పదేపదే వస్తుంటే అనుమానించండి. అగర చెరువు చుట్టూనో, కంఠీరవ స్టేడియం ట్రాక్ మీదో వేరువేరు రోజుల్లో ఒకే సమయానికి, ఒకే వేగంతో, ఒకే దూరం నడవండి. రెండు రోజుల క్యాలరీలకీ పది శాతం పైగా తేడా ఉంటే దానికి తరుగు తీయడం కూడా కుదరదు, ఎందుకంటే ఏ రోజు తరుగు ఆ రోజుదే అవుతుంది. మూడోది, సాయంత్రం ఆరున్నరకి క్యాబ్ ఎక్కి సిల్క్ బోర్డు మీదుగా వెళ్తూ వర్కవుట్ మోడ్‌లో "అదర్" అని పెట్టి అరగంట కదలకుండా కూర్చోండి. విశ్రాంతి ఖర్చుతో కలిపి యాభై, అరవై దగ్గర చూపిస్తే ఉంచుకోండి. రెండొందలు చూపిస్తే ఆ క్యాబ్‌లోంచే రిటర్న్ పెట్టేయండి.